చెంబెడు నీళ్ళ మాట

మా వదిన సుబ్బరత్నమ్మ దివంగతురాలైందని మొన్న మంగళవారం ఉదయం ఆళ్లగడ్డ నుంచి ఫోను వచ్చేసరికి, నంద్యాలలో నేను గొట్టం పట్టుకుని కారు కడుగుతున్నాను. గొట్టంలోంచి నీళ్ళు వీధిలోకి పారుతూనే ఉన్నాయి. ఊళ్ళో సగం బోర్లు ఎండినా మా బోరు ఇంకా పోస్తోందన్న గర్వం నాది. ఆ దృశ్యం చూసి ఉంటే, ఆమె చావు వాయిదా వేసుకుని మొదటి బస్సెక్కి వచ్చి నా చెవి మెలిపెట్టేది.

ఆమె నిర్యాణం తీరని లోటని నాలుగు మాటలు రాయమని మా బంధువులే నడిపే సంఘం మాసపత్రిక వారు అడిగారు. ఆహా, ఏమి ఔదార్యం! ఆ మహాసాధ్వి జీవించి ఉన్నంతకాలం 'నీళ్ళ పిసినారి' అని చాటుగా పకపకలాడిన బంధుకోటికి ఇప్పుడు హఠాత్తుగా లోటు గోచరించింది. సిగ్గుండాలి. ఆ బంధుకోటిలో నేనూ ఉన్నాను కనుకనే ఇంత ధైర్యంగా తిడుతున్నాను.

మా అన్న అకాలమరణం తర్వాత ఆళ్లగడ్డ బజారులోని స్టీలు పాత్రల కొట్టును ఆమె ఒంటిచేత్తో నడిపింది. బిందె కారుతుందో లేదో పరీక్షించడానికి కొట్టులో ఒక్క బకెట్టు నీళ్ళుండేవి. పొద్దున పట్టిన ఆ నీళ్ళే సాయంత్రం దాకా అన్ని బిందెల్లోనూ పోసి చూపేది. ఒకాయన కొట్టులోకల్లా పెద్ద బిందె బేరమాడుతుంటే, "ఇంట్లో ఎంతమందప్పా?" అని అడిగింది. నలుగురమన్నాడు. "నలుగురికి ఇంత బిందె ఎందుకు? నింపేదానికి నీళ్ళు యాడున్నాయి? చిన్నది తీస్కపో" అంది. ఆయన రోషపడి ఎదుటి కొట్టుకు పోయాడు. ఈమెకు చీమకుట్టినట్టయినా లేదు.

ఇంటికి ఎంత ఘనుడొచ్చినా సగం లోటా నీళ్ళే ఇచ్చేది. "దప్పికైతే ఇంకోతూరి అడగండి, ఇస్తా. నోరు తడుపుకోని పారబోసేదానికైతే నా దగ్గర లేవు." మా పెద్దమ్మ మనవడొకడు, ఏదో పెద్ద ఉద్యోగి, ఆ సగంలోనూ సగం వదిలేసి లేచాడు. వదిన గుమ్మానికి అడ్డం నిలబడింది. "తాగలేనోనివి ఎందుకడిగితివి? తాగిపో నాయనా." ఆ మహానుభావుడు అందరి ముందూ గుటకలు మింగి పోయాడు. మొన్న పాడె వెనక అందరికంటే బిగ్గరగా ఏడ్చింది అతడే.

నీటికి ఆమె గృహంలో ఒక ధర్మశాసనం ఉండేది. బియ్యం కడిగిన నీళ్ళు ఆకుకూర కడగాలి, ఆకుకూర కడిగిన నీళ్ళు అంట్ల గిన్నెలు నానబెట్టాలి, ఆ తర్వాత పెరట్లోని దానిమ్మ చెట్టుకు చేరాలి. "మూడు పనులు చేసిందాకా ఇల్లు దాటనియ్యను. ఊరికే కూర్చోబెట్టి పంపిచ్చేదానికి అవేమన్నా చుట్టాలా?" అనేది, మా ముఖాలకేసి చూస్తూ.

ఆరు నెలల కిందట నన్ను ప్రత్యేకంగా పిలిపించింది. కొళాయి వారానికొక్కసారి వస్తున్న రోజులు.

"ఏమప్పా అయివారూ, నేను పోతే నా మీద చెంబెడు నీళ్ళు పోస్తే చాలు. ట్యాంకరు పిలిపియ్యొద్దు. కాష్ఠం కాడికి పోయొచ్చినోళ్ళు నెత్తిన నాలుగు చుక్కలు చల్లుకుంటే చాలదా? శాస్త్రం ఒప్పుకోదా?"

ఆపత్కాలంలో ప్రోక్షణ చాలునని చెప్పాను. ముప్పైయేళ్ళు తెలుగు పాఠాలు చెప్పినవాణ్ణి, ఆ మాత్రం పాండిత్య ప్రదర్శన నాకు అలవాటే.

"నాతో చెప్పేది కాదు. ఆ పొద్దు నలుగుర్లో నిలబడి చెప్పు" అంది. చేతిలో చెయ్యేసి మాట ఇచ్చాను.

మంగళవారం నేను వెళ్ళేసరికి మా అన్న కొడుకు రమేశు దుకాణం నుంచి తాగునీటి క్యాన్లు తెప్పించాడు. కొన్న నీళ్ళను కన్నెత్తి చూడని ఆ తల్లికి, చల్లటి క్యాను నీళ్ళు గుమ్మరించి అంత్యస్నానం చేయించారు. వాకిలంతా తడిసి బురదయింది. "స్నానాలకు ట్యాంకరు చెప్పినా చిన్నాయనా. లేకుంటే ఊరు నవ్వుతాది" అన్నాడు రమేశు. నా నోట్లో మాట మెదిలింది. పెద్దలంతా చుట్టూ ఉన్నారు. ముప్పైయేళ్ళ పాండిత్యం గొంతులోనే చచ్చింది. తలూపాను.

మిట్టమధ్యాహ్నం శ్మశానం నుంచి తిరిగి వచ్చాం. ట్యాంకరు రాలేదు. ఎక్కడో పెళ్ళివారింటికి పోయిందట. స్నానం లేకుండా గడప దాటకూడదు కనుక, ఆచారపరాయణులైన మగవాళ్ళంతా మండుటెండలో వీధిలో నిలబడి రమేశును శపిస్తున్నారు. పోయినామె గురించి ఒక్కడూ మాట్లాడటంలేదు. ప్రోక్షణ మాట చెప్పడానికి అంతకన్నా సమయం ఏముంటుంది? అప్పుడూ నోరు మెదపలేదు నేను.

అప్పుడు అంట్లు తోమే నాగమ్మ వచ్చి పెరటి తలుపు తీసింది. "ఈడ ఉండాయి, రాండి" అంది. కట్టెల కొట్టంలో మూడు డ్రమ్ములు, మూతలు పెట్టి, పైన గుడ్డ బిగించి కట్టి, నిండుగా ఉన్నాయి.

"ఇన్ని నీళ్ళు యాడివి?" అన్నాను.

"కొళాయి వచ్చినప్పుడల్లా తన వంతులోంచి రెండు బిందెలు పక్కన పెట్టేది అమ్మ. నేనే మోసినా. ఇవి నా సావుకే నాగమ్మా, అనింది."

"మరి వద్దనింది కదా? నాతో మాట తీసుకునింది కదా?"

నాగమ్మ నా ముఖంలోకి చూడకుండా చెప్పింది. "అయివారు మాటిచ్చినాడు గానీ ఆయప్ప నలుగుర్లో నోరు తెరవడు, అనింది. తల తడవకుంటే ఎవురూ గడప తొక్కరు, ఎండకు నిలబడతారు పాపం, అనింది. మనిషికి రెండు చెంబులు. అంతకు మించి పొయ్యనియ్యొద్దనింది."

తన గొంతు తడుపుకోవలసిన నీటిని, తన మాట కాదనబోయే మా కోసం కూడబెట్టిన ఆ మాతృమూర్తికి నివాళి రాసే యోగ్యత మా వంశంలో ఎవరికీ లేదు. ఇంత క్షుణ్ణంగా మమ్మల్ని ఎరిగి, ఎరిగీ జాలిపడే మనిషి ఇక మాకు దొరకదు. పత్రిక వారు కోరిన లోటు ఇదే, రాసుకోండి.

నా వంతు వచ్చింది. ఎండకు మాడు పగిలిపోతోంది, నీళ్ళు చల్లగా ఉన్నాయి. నాగమ్మ అటు తిరిగింది. నేను మూడు చెంబులు పోసుకున్నాను.

వదినా, ఆ మూడో చెంబుకు నన్ను క్షమించవద్దు.