రత్నం చేతికి లొంగని ఫోన్

నిజాంపట్నం రేవులో రత్నం చేపల వేలంలో ధర అరిచిందంటే, ఒడ్డుకు రాని బోట్లవాళ్లకు కూడా వినబడి, సముద్రంలోనే బేరం కుదుర్చుకునేవారట. ఇందులో అతిశయోక్తి ఏమీ లేదు. మరీ నమ్మబుద్ధి కాకపోతే ఒక మైలు తగ్గించుకోవచ్చు, అంతకన్నా తగ్గించడానికి రేవువాళ్లు ఒప్పుకోరు.

గంప మీద కప్పిన గోనెపట్టా తీయకుండానే లోపలి చేప ఎప్పుడు వలలో పడిందో చెప్పగల మనిషి ఆమె. ముప్పై ఏళ్లుగా ఐసులో చేతులు పెట్టీ పెట్టీ వేలిముద్రలు అరిగిపోయాయి. వేలు పెట్టమనే ఏ మెషినూ ఆమెను గుర్తుపట్టదు. రేవంతా గుర్తుపడుతుంది కాబట్టి రత్నం దాన్ని లెక్కచేయలేదు.

బాపట్లలో హోటలు నడిపే అమ్జద్‌కు రోజూ వంజరం చేపలు పంపేది ఆమే. వేలంపాట మొదలవగానే అమ్జద్ ఫోన్ చేసి, ఆరోజు ఎంతవరకూ వెళ్లవచ్చో చెబుతాడు. పాటగాడు మూడోసారి అనేలోపు రత్నం ధర అరవాలి. ఆ కాసేపట్లో ఫోన్ ఎత్తలేదో, గంప ఇంకొకరి బండెక్కుతుంది.

పదేళ్లు నమ్మకంగా పనిచేసిన బటన్ల ఫోన్ ఉప్పుగాలికి తుప్పుపట్టి పోయాక, కూతురు సాహితి తెనాలిలో టచ్ ఫోన్ కొనిపించింది. చేపల ఫొటోలు పంపవచ్చని అమ్జద్ కూడా సంబరపడ్డాడు. ఇంట్లో ఉన్నంతసేపూ అది కొత్త కోడలంత బుద్ధిగా ఉండేది. రేవులో అడుగుపెడితే దాని వేషాలు మొదలు. ఎండలో తెర కనబడదు. తడి వేలితో పచ్చగుర్తును ఎటు లాగినా కదలదు. కొంగుకు తుడుచుకుందామంటే కొంగు చేతికన్నా తడి. ఫోన్ ఎత్తబోతే టార్చి వెలిగేది. ఒకరోజైతే పాటగాడి బొజ్జకు వరసగా పదిహేడు ఫొటోలు తీసింది.

మూడు రోజులు మూడు గంపలు చేజారాయి. అమ్జద్ కోపం పట్టలేకపోయాడు.

"కొత్త ఫోన్ ఎత్తడం రావట్లేదంటావేంటి రత్నమ్మక్కా? వేరే హోటలుకి ఇస్తున్నానని చెప్పు, సరిపోతుంది. నేనూ ఇంకొకళ్లని చూసుకుంటా."

గంపలు పోయినందుకు రత్నం బాధపడలేదు. అబద్ధమాడిందన్న మాట మాత్రం ముల్లులా దిగింది. రేవులో ఆమె పెట్టుబడంతా నోటిమాటే. ఆ మాట మీద నమ్మకం పోతే రేపు ఆమె అరిచే ధరను ఎవరు పట్టించుకుంటారు?

ఆరోజే ఐసుపెట్టెలో ఒక వంజరాన్ని పడుకోబెట్టి, సాహితిని వెంటబెట్టుకుని, రేపల్లెలో తెనాలి రైలెక్కింది. ఆ వాసనకు ఆ బోగీలో తల్లీకూతుళ్లకు సీట్ల కొరత రాలేదు.

ఆ ఫోన్ అమ్మిన షాపు యజమాని పాండురంగారావు మెత్తటి గుడ్డతో తెర తుడిచి, వేలితో అటూ ఇటూ ఆడించాడు.

"చూడండమ్మా, వెన్నలా పనిచేస్తోంది."

"ఈ ఏసీలో కూర్చోబెడితే నేనూ వెన్నలాగే పనిచేస్తా తమ్ముడూ," అంటూ రత్నం ఐసుపెట్టెను గాజు కౌంటరు మీద పెట్టి మూత తీసింది. "చేతులు ఇందులో ముంచు."

"అయ్యో, ఇది షాపండీ!"

"ఇది నా షాపు. నీ షాపులో ఫోన్ బాగుంది, ఒప్పుకున్నా. నా షాపులో ఎలా ఉంటుందో నువ్వూ చూడాలిగా!"

జనం మూగుతున్నారు. పాండురంగారావు బిక్కమొహంతో మోచేతులదాకా ముంచాడు. సాహితి తన ఫోన్లోంచి, "అమ్జద్ మావయ్యా, అమ్మకి ఒక్కసారి ఫోన్ చెయ్యి," అని చెప్పి పెట్టేసింది. కౌంటరు మీది ఫోన్ మోగింది. ఆ వెంటనే రత్నం గొంతు లేచింది.

"వంజరం! కేజీ ఏడొందలు! ఒకటోసారి!"

షాపులో గాజు తలుపులు కంపించాయి. ఛార్జరు కొనడానికి వచ్చిన సుందరయ్య అనే పెద్దమనిషి ఆగలేక, "ఏడొందల యాభై!" అన్నాడు.

"రెండోసారి!"

పాండురంగారావు లాగాడు, నొక్కాడు, రుద్దాడు. టార్చి వెలిగింది. ఫోన్ ఆయన ముక్కుకు ఫొటో తీసింది.

"మూడోసారి!"

మోత ఆగిపోయింది. చేప సుందరయ్య సంచిలోకి వెళ్లింది.

"ఇదే రకం ఇంకోటిస్తానండి," అన్నాడు పాండురంగారావు నీరసంగా.

"దాంతోపాటు నాకు పొడి చేతులిస్తావా ఏంటి? ముందు ఆ ఫోన్ చేసినాయనకి జరిగింది చెప్పు."

ఆయన చేతులు తుడుచుకుని, తన ఫోన్లో స్పీకరు పెట్టి, అందరికీ వినబడేలా మాట్లాడాడు.

"అమ్జద్ గారాండీ? తెనాలి నుంచి, ఫోన్ల షాపు పాండురంగారావునండి. ఇందాక మీ ఫోన్ ఎత్తలేకపోయింది నేనేనండి. తడిచేతికి రావట్లేదండి. రత్నమ్మగారు చెప్పింది నిజమండి."

"ఫోన్ల షాపులో చేతులెందుకు తడిశాయండీ?"

"ఐసులో పెట్టించారండి."

అవతల నవ్వు ఆగడానికి కాస్త సమయం పట్టింది. "అక్కా, ఉన్నావా అక్కడ? తప్పయిందక్కా. నోరు జారాను."

"తప్పయిందంటే సరిపోదు. రేపట్నుంచి నీ ఫోన్ కోసం చూసేది లేదు. నేను పాడిందే ధర. నచ్చకపోతే ఇప్పుడే చెప్పు."

హోటలువాడు లోపల్లోపల ఎన్ని లెక్కలు వేశాడో.

"సరే అక్కా. నీ నోటికెంతొస్తే అంత. మరి ఫొటో?"

"చేపని చూడాలనుంటే పొద్దున్నే రేవుకి రా."

పాండురంగారావు టచ్ ఫోన్ వెనక్కి తీసుకుని బటన్ల ఫోన్ ఇచ్చాడు. రత్నం దాన్ని ఐసునీళ్ల చేత్తోనే నొక్కి చూసి మరీ తీసుకుంది.

మర్నాడు అలవాటు చొప్పున అమ్జద్ ఫోన్ చేసేసరికి పాట ముగిసింది, వంజరం గంప బాపట్ల బండెక్కింది. రత్నం బొటనవేలితో బటన్ నొక్కి, "బయల్దేరింది, మసాలా నూరించుకో," అని పెట్టేసి, రెండో పాటకు గొంతు సవరించుకుంది.