బోర్డు పంపిన అంకె

మొదటి షిఫ్టు దిగి ఇల్లు చేరేసరికి రాజేశానికి ఒళ్లంతా పులిసిపోయింది. బొగ్గుబాయిలో బొగ్గు నింపిన టబ్బులను తాడుతో లాగే ఇంజన్ దగ్గర ఏళ్ల తరబడి కూర్చుంటున్నాడు. కింది నుంచి గంట మోగితే నడపాలి, లేకపోతే ఆపాలి, అంతే బతుకు. కాసేపు కాళ్లు చాపుకుందామంటే ఆ భాగ్యం ఎక్కడిది! కూతురు నిఖిత లాప్‌టాప్ మళ్లీ హ్యాంగయింది. తెల్లారితే కరీంనగర్‌లో చెస్ పోటీ. పోటీలో ఎదురయ్యే అమ్మాయి పాత ఆటలు నిఖిత ఇంకా చూడనేలేదు.

ఎత్తులు లెక్కగట్టే చెస్ ఇంజన్ మెమరీ అంతా మింగేస్తోందని రాజేశం నిన్ననే కనిపెట్టాడు. దాని సెట్టింగుల్లోకి పోయి, ఎంత మెమరీ వాడాలో చెప్పే అంకె తగ్గించాడు కూడా. ఇప్పుడు చూస్తే మళ్లీ పెద్ద అంకే ఉంది.

“మల్ల ఎందుకు పెంచినవే?”

“నేను ముట్టలే బాపు.”

“ముట్టకుంటె గది దానంతటదే పెరిగిందా? నీ చేతులు ఊకుండయి. గిట్లయితె పోటీ లేదు, ఏం లేదు, ఇంట్ల కూసో.”

నిఖిత ప్రయాణానికి సర్దుకున్న బట్టలు ఒక్కొక్కటే తీసి బీరువాలో పెట్టింది.

రాజేశం ఉసూరుమంటూ లాప్‌టాప్ ముందు కూలబడ్డాడు. అంకె తగ్గించి, మూసి, తెరిచాడు. పెరిగింది. మళ్లీ తగ్గించాడు, మళ్లీ అదే కథ. చివరికి తెర మీద చెస్ బోర్డు చూపించే ప్రోగ్రాంలో వెతికితే దొరికింది. ఇంజన్లన్నింటికీ కలిపి అక్కడ ఇంకో అంకె ఉంది. ఇంజన్ మొదలైనప్పుడల్లా బోర్డు ఆ అంకెనే పంపుతోంది. ఇంజన్ పాపం ఏం చేస్తుంది, చెప్పినంత మెమరీ పట్టుకుంటోంది.

రాజేశానికి తన సంగతే గుర్తొచ్చింది. మూడేళ్ల కింద, బాయి లోపలి నుంచి ఎవరో తప్పు గంట కొడితే తాడు లాగాడు, టబ్బులు పట్టాలు తప్పాయి. “గంట అట్లనే మోగింది సార్” అని ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు. ఛార్జిషీటు చేతిలో పెట్టారు. ఆ అవమానం అతనికి ఇప్పటికీ అరగలేదు.

బోర్డులోని అంకె తగ్గించి కూతుర్ని పిలిచాడు.

“నువ్వు కాదు బిడ్డా, గీ బోర్డే పెంచుతున్నది. తప్పు నాది.”

“నేను చెప్పిన గదా బాపు,” అంది నిఖిత మెల్లగా.

“చెప్పినవ్. నేనే ఇనలే. బట్టలు సర్దుకో, పొద్దున నేనే తోలుకపోత.”

సర్దుకుంది. లాప్‌టాప్ ఆ సాయంత్రమంతా ఆగకుండా నడిచింది. మంచి ఎత్తు దొరికితే చాలు, “బాపు, జర గిటు రా” అని కేకేసే పిల్ల, ఆ రోజు ఒక్కసారి కూడా పిలవలేదు. రాజేశం అన్నం ముందు కూర్చున్నాడు గానీ, చెవులు నిఖిత ఉన్న గదిలోనే ఉన్నాయి.