తీర్మానానికి కట్టుబడిన అయ్యవారు

ఆ రోజుల్లో ఊళ్లోకి కొత్త మనిషి వస్తే ముందు ఏ జెండా అని అడిగేవారు, ఆ తర్వాతే అన్నం తిన్నావా అని. ఇందుకూరుపేట అవతల ఒక పల్లె బడికి అయ్యవారుగా వెళ్లిన నాకు ఆ రెండో ప్రశ్న కోసం ప్రాణం కొట్టుకుపోయేది. బడి వదిలితే నేనూ, కిరోసిన్ పొయ్యీ, నాలుగు గోడలూ. అందుకే ఎర్రజెండా వాళ్లలో చేరిపోయాను. (సిద్ధాంతం నచ్చి కాదు; సాయంత్రం పదిమంది కూర్చునే వాళ్ల అరుగు నా గదికి దగ్గర.) ఆ అరుగుకు పెద్ద కామ్రేడన్న. కార్తీక పౌర్ణమికి ముందు ఆయన, "ఈసారి సముద్రస్నానానికి మనోళ్లెవురూ పోకూడదు. అదంతా మూఢనమ్మకం" అని తీర్మానం పెట్టాడు. అందరూ చెయ్యెత్తారు. నేను రెండూ ఎత్తాను.

పౌర్ణమి నాడు లేచి చూస్తే ఊళ్లో మనిషన్నవాడు లేడు. అవతలి పార్టీ ఖద్దరు వాళ్లు పోయారంటే అర్థముంది, ఎర్రజెండా వీధిలోనూ తలుపులన్నిటికీ గొళ్లాలే. మా అరుగు మీద ఒక మేక పడుకుని ఉంది. దాని పక్కన కూర్చుని మధ్యాహ్నం దాకా దానితోనే మాట్లాడాను. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, ఆ రోజు ఏడుపే వచ్చింది.

పొద్దు వాలే వేళకు బళ్లు తిరిగొచ్చాయి. మొదటి బండి తోలుతున్నది కామ్రేడన్న, నుదుట విభూదితో. పక్కన, ఎన్నికలప్పటినుంచీ ఆయన మొహం చూడని ఖద్దరు పెద్దాయన. ఇద్దరూ ఒకే పొట్లంలో బొరుగులు తింటున్నారు.

"ఏందయ్యవారూ, మీరు రాలేదే?" అన్నాడు కామ్రేడన్న.

"తీర్మానం చేశాం కదన్నా."

"అది పార్టీలో మాట. ఇంట్లో ఆడోళ్లు పోదామంటే బండెవురు తోలేది? ఈ మామ బండి ఇరుసు ఇరిగింది, ఆయన్ని నడిచి పొమ్మంటానా?"

ఖద్దరు పెద్దాయన నన్ను జాలిగా చూశాడు. "పాపం, అయ్యవారు నిజమనుకున్నట్టుండాడు" అన్నాడు.

కామ్రేడన్న భార్య బండి దిగి నా చేతికి ఒక చెంబు ఇచ్చింది. "ఒక్కరే ఉండిపోయినారని సముద్రం నీళ్లు తెచ్చినా. నెత్తిన పోసుకోండి" అంది. గదికెళ్లి తలుపేసుకుని పోసుకున్నాను. ఇది తీర్మానానికి విరుద్ధమా అని అడుగుదామని బయటికొస్తే అరుగు ఖాళీ. ఎవరింటికి వాళ్లు అన్నాలకు వెళ్లిపోయారు. (మేకను కూడా ఎవరో తోలుకుపోయారు.)

ఇప్పటికీ కార్తీక పౌర్ణమి వస్తే తడి జుట్టుతో ఆ అరుగు ముందు నిలబడ్డ కుర్ర అయ్యవారు గుర్తొస్తాడు. వెళ్లి భుజం తట్టి, "తెల్లారే బండెక్కాల్సిందయ్యా, చోటుంది" అని చెప్పాలనిపిస్తుంది.