మారుపథ్యం

నిన్న మదనపల్లెలో బీపీ మాత్రల కోసం మందుల షాపు ముందు నిలబడి ఉంటే, నా ముందున్న ముసలావిడ షాపాయన్ను అడిగింది: "ఇవి ఎన్ని దినాలు మింగల్లప్పా? పథ్యమేమన్నా ఉండాదా?" ఆయన తల ఎత్తకుండానే, "ప్రాణముండేంత వరకూ మింగల్లమ్మా, పథ్యం లేదు" అన్నాడు. ఇదేం మందు తల్లీ అన్నట్టు ఆమె నా వైపు చూసింది. వెనకున్న వాళ్లెవరో నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మా అత్త గుర్తుకొచ్చింది.

అత్త అంటే మా నాన్నకు చెల్లెలు. పుంగనూరు దగ్గర పల్లెకు ఇచ్చారు. పిల్లలు లేరు. ఆమె, మామ, నాలుగు పొట్టి ఆవులు, బావి కింద టమోటా తోట, అంతే సంసారం. మామ నోటి వెంట ఆమె పేరు ఎవరూ విన్నది లేదు. "ఏమే" అనేవాడు. మంచినీళ్లకు ఏమే, కోపానికి ఏమే, సంతోషం వస్తే కూడా అదే, కాస్త సాగదీసి. "నాకు పేరు పెట్టింది శుద్ధ దండగ పాపా" అని అత్త మా అందరి ముందూ సణిగేది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మామ మదనపల్లె మార్కెట్టుకు టమోటా తీసుకెళ్లి, తిరుగు ప్రయాణంలో ఏదో బస్సెక్కి, మా దారే కాని కురబలకోటలో దిగి కూర్చున్నాడు. వయసు మీద పడింది, పోనిమ్మన్నారు అందరూ. కొన్నాళ్లకు ఒక ఉదయం, మజ్జిగ చిలుకుతున్న అత్త ముందుకొచ్చి చేతులు జోడించి, "మీరెవురమ్మా? యా ఊరమ్మా మీది?" అని అడిగాడు. ఆ మర్యాదకే అత్త హడలిపోయింది. అంతకంటే నాలుగు తిట్లు తిట్టినా బాగుండేదంది.

అప్పుడు నేను కుప్పంలో టీచరు పని చేస్తూ ఒక అద్దె గదిలో ఒంటరిగా ఉండేదాన్ని. బయటి నుంచి ఒక నరాల డాక్టరు ఆదివారాల్లో అక్కడికి వచ్చేవాడు. అత్త మామను పలమనేరు మీదుగా రెండు బస్సులు మార్చి తీసుకొచ్చింది. డాక్టరు ఓపికగా కూర్చోబెట్టి, "ఇది ఏ ఊరు పెద్దాయనా?" అన్నాడు. "ఊరు తెలీకుండా యాల వచ్చినావప్పా నువ్వు?" అన్నాడు మామ. డాక్టరు ఆవు, గొడుగు, తాళం అని మూడు మాటలు చెప్పి, కాసేపాగి మళ్లీ చెప్పమన్నాడు. మామ ఆవు దగ్గరే ఆగిపోయి, దాని ఈతలు, దూడల సంగతులు మొదలుపెట్టాడు. నవ్వాపుకోలేక నేను తల పక్కకు తిప్పుకున్నాను. చివరికి డాక్టరు అత్తను చూపించి ఈమె ఎవరని అడిగాడు. మామ చాలాసేపు చూసి, "మంచి మనిషి" అన్నాడు. ఇక నాకు నవ్వు రాలేదు.

రక్తం చూశారు, తలకు స్కాన్ తీయించారు. ఇది అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బనీ, మాత్ర దీన్ని నయం చెయ్యదు గానీ కొందరిలో కొంతకాలం నిలబెడుతుందనీ డాక్టరు చెప్పాడు. రోజూ రాత్రి ఒకటి వేసి, రెండు నెలలకు మళ్లీ తీసుకురమ్మన్నాడు. బస్టాండులో అత్త మొహం ముడుచుకుని, "పథ్యం సెప్పని డాక్టరేం డాక్టరు పాపా?" అంది. మా వైపు నాటుమందు దేనికైనా పథ్యం ఉంటుంది, మండలం, అంటే నలభై రోజులు గడువు ఉంటుంది. గడువు తీరాక తలంటి పోసి, మానిపించినవన్నీ వండిపెట్టి మారుపథ్యం చేస్తే మందు పూర్తయినట్టు. డాక్టరు మరిచిపోయాడనుకుని ఆ పథ్యమేదో అత్తే పెట్టింది. వంకాయ లేదు, గుమ్మడికాయ లేదు, చింతపండు పులుసు లేదు. ఆయనకు లేనిది తనకెందుకని తానూ మానేసింది. మామ మాత్ర ఉమ్మేస్తుంటే రాగిసంగటి ముద్దలో పెట్టేది. సంగటి నమలరు కదా, మింగేస్తారు.

ఒక రోజు బడికి ఫోన్ వచ్చింది. పుంగనూరు ఎస్టీడీ బూతు నుంచి అత్త. మాట రాక ఏడుస్తోంది. మామకేమన్నా అయిందేమో అనుకున్నాను. "ఏమే, నీళ్లు తేవే అన్న్యాడు పాపా! నన్నే!" అంది. స్టాఫ్ రూములో నేనూ ఏడ్చాను.

మండలం నిండింది. అత్త మామకు తలంటి పోసి, గుత్తొంకాయ వండి, పులుసు పెట్టి, ఘనంగా మారుపథ్యం చేసింది. మిగిలిన మాత్రలు గుడ్డలో చుట్టి అటక మీద పెట్టింది. నెల తిరక్కుండానే మామ మళ్లీ చేతులు జోడించాడు. ఆమె పరుగున కుప్పం తీసుకొచ్చింది. డాక్టరు అంతా విన్నాడు, కోప్పడలేదు. "మళ్లీ మొదలుపెడదామమ్మా. కానీ జారిపోయినదంతా తిరిగి రాకపోవచ్చు" అన్నాడు. మందు ఆపకపోయినా ఎప్పుడో ఒకప్పుడు ఇది తప్పదని కూడా చెప్పాడు. ఆ మాట అత్త చెవికెక్కలేదు.

ఈసారి మాత్ర ఒక్క పూట కూడా తప్పలేదు. మామ కాస్త కుదుటపడ్డాడు. వేళకు తిన్నాడు, ఊళ్లు పట్టి పోవడం మానాడు. ఏమే అని మాత్రం మరి పిలవలేదు. పొద్దు గూకితే అత్తతో, "సీకటి పడతాండాది, మీ ఇంటాయన ఎదురుసూస్తాంటాడు, పోండమ్మా" అనేవాడు. అత్త సరేనని ముందు తలుపులోంచి బయటికి వెళ్లి, ఆవుల దగ్గర కాసేపు నిలబడి, పెరటి తలుపులోంచి లోపలికి వచ్చేది. ఏళ్ల తరబడి అదే ఇంట్లో అదే మనిషితో అలా ఒంటరిగా బతికింది. సెలవుల్లో వెళ్లినప్పుడు ఒక సాయంత్రం ఇది నా కళ్లతో చూశాను. నేనుండలేక మర్నాడే తిరిగొచ్చేశాను.

మామ పోయినప్పుడు అత్త ఏడవలేదు. రాయి మనిషని ఊళ్లో అనుకున్నారు. కర్మలన్నీ అయ్యాక నాతో మెల్లగా అంది: "అందురికీ మొన్న పోయినాడు పాపా. నాకెప్పుడు పోయినాడో సెప్పమంటే, నాకే తెల్దు." పోయినవాళ్లకు ఏటేటా పెట్టుకోవడానికి ఒక తిథంటూ ఉండాలి. కాలం అందరికీ ఆ మాత్రం ఇస్తుంది. మా అత్తకు అదీ ఇవ్వలేదు.