పిల్లులకు మోగని అలారం

కుట్టుమిషన్ తొక్కుతుంటే ఇంట్లోనే దర్జీ పని చేసే అత్తగారికి గేటు చప్పుడు వినపడదు. ఆమె వెనకగదిలో కర్టెన్లు కుడుతుండగానే, పట్టపగలు వాకిట్లోంచి సైకిల్ మాయమైంది. దాంతో వైర్లు లేని అలారం కొని, దాని సెన్సర్‌ను గేటు పక్కన బిగించింది. పిల్లి నడిచినా గదిలో అది మోగేది.

"అత్తయ్యా, దొంగ వచ్చేలోపు మనకే పిచ్చెక్కేలా ఉంది," అని కోడలు నవ్వింది.

అత్తగారు పట్టు వదల్లేదు. సెన్సర్‌ను నడుమెత్తుకు జరిపింది. పిల్లుల గొడవ తీరింది.

ఒక మధ్యాహ్నం అలారం గొల్లుమంది. మెడలో టేపుతోనే ఆమె బయటికి ఉరికింది. ఎవడో కోడలి స్కూటర్‌ను తోసుకుపోతున్నాడు.

"ఎక్కడికి నాయనా, ఊరేగింపా?"

ఆ కేకకు వీధి వీధంతా బయటికొచ్చింది. వాడు స్కూటర్ వదిలేసి కాలికి బుద్ధి చెప్పాడు.

"అత్తయ్యా, మా అమ్మవాళ్లింటికీ ఒకటి బిగించరూ?" అంది కోడలు.

"పద, ఇప్పుడే," అంటూ అత్తగారు స్క్రూడ్రైవర్ అందుకుంది.