చెరిపే మామ

మార్కాపురంలో పలకల షెడ్డు దాటుతుంటే తడిరాయి వాసన తగిలింది. యోసేపు మామ గుర్తొచ్చాడు.

విప్లవం వస్తుందని నమ్మిన నాయన, మామ కలిసి కూలీల సంఘానికి కరపత్రాలు రాసేవారు. నాయన పెద్ద పలక మీద రాస్తే, మామ తడిగుడ్డతో సగం చెరిపేవాడు. "ఇది కూలోళ్ళకు అర్థమయితాదా బావా?" అని నవ్వేవాడు. చెరిపిన ప్రతి మాటకూ నాయన గంటసేపు వాదించేవాడు. మామ ఆయన్ని చులకన చేస్తున్నాడని నాకు మంట.

ఒకరోజు మామ తన ఊరు తర్లుపాడు నుంచి వచ్చేసరికి నాయన ఇంట్లో లేడు. "నిన్ను ఇంక రావద్దన్నాడు మా నాయన" అని అబద్ధం చెప్పాను. మామ వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత పదిరోజులు నాయన ఒక్క కరపత్రమూ పూర్తి చేయలేకపోయాడు. చివరికి నన్ను వెంటబెట్టుకొని తర్లుపాడు వెళ్ళాడు.

"నన్ను రావద్దన్నావంట గదా బావా?" అన్నాడు మామ.

తలదించుకున్న నన్ను నాయన ఒకసారి చూశాడు. "అన్నాలే. నాదే తప్పు" అన్నాడు. అప్పుడు నేను నోరు విప్పాల్సింది. విప్పలేదు. వాళ్ళిద్దరూ సాయంత్రం దాకా కేకలేసుకుంటూ రాశారు.

మామ దగ్గర నిజం ఒప్పుకోవడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది. ఆయన పగలబడి నవ్వాడు.

"ఆ రోజే తెలిసింది లేరా అల్లుడా. వాదించకుండా తప్పు ఒప్పుకునే మనిషేనా మీ నాయన?"