మామ ఊపిరితిత్తిలో మక్క పేలాలు

సినిమా హాళ్లలో ఇప్పుడు మక్క పేలాలను బకెట్లలో పోసి అమ్ముతున్నారు, అందులో సగం గాలే. ధర సంగతి ధనవంతులు చూసుకుంటారు. నా ఫిర్యాదల్లా, ఆ బకెట్టు ఒళ్లో పెట్టుకుంటే తెర మీద హీరో కనబడడు, మా చిన్నమామ ఊపిరితిత్తి కనబడుతుంది.

తెలంగాణ ఉద్యమం రోడ్ల మీదికొచ్చిన రోజుల్లో నేను హన్మకొండలో స్కాన్లు చదివే కుర్ర డాక్టర్ని. అంతకు ముందు ఏడాది పెద్దమామ ఛాతీ స్కాన్ చదివిందీ నేనే. గడ్డ అంచులు ముళ్లలా పొడుచుకొచ్చి క్యాన్సరని తెలుస్తూనే ఉన్నా, రోగికి నిజం చెప్పకపోవడం మా ఇళ్లలో రివాజు కనుక, పెద్దత్త కళ్లతోనే బతిమాలితే, "ఏం కాదు మామా, ఉత్త గడ్డ" అని నవ్వాను. పక్కనే నిలబడి విన్న చిన్నమామ, ఎన్నాళ్లో గడవకముందే అన్న పాడె మోశాడు.

ఆ తర్వాత చిన్నమామ ఎక్స్‌రేలోనూ గడ్డ కనబడింది. మనిషి తిండి మానేశాడు. సీటీ తీస్తే మాత్రం అంచు గోలీలా నున్నగా ఉంది, లోపల కొవ్వు నల్లటి మచ్చలుగా, నడుమ సున్నం చేరి విచ్చుకున్న పేలాల గుత్తిలా తెల్లగా. కొవ్వూ సున్నమూ అలా కలిసి కనబడితే అది హామర్టోమా, ప్రాణం తీయని గడ్డ, మా వృత్తిలో అరుదుగా దొరికే శుభవార్త.

బస్సులు బంద్. స్కాన్ ఫిల్ము చంకన పెట్టుకొని బండి మీద మామ ఊరు తొర్రూరు చేరేసరికి నడిరోడ్డు మీద ఉద్యమకారుల వంటావార్పు సాగుతోంది. "డాక్టర్ సాబ్, ముందుగాల కూసొని తిను, ముచ్చట తర్వాత" అని ఎవరో విస్తరి వేశారు. ఎప్పుడూ గంటె పట్టే చిన్నమామ ఆ రోజు అన్నం ముందు ఊరికే కూర్చున్నాడు. నేను ఫిల్మును ఎండకు పట్టి, అలవాటు కొద్దీ నవ్వుతూ, "ఏం కాదు మామా, ఉత్త గడ్డ, లోపల మక్క పేలాలున్నయ్" అన్నాను. చిన్నత్త కొంగు నోట్లో కుక్కుకుంది. మామ ముట్టని విస్తరి మడిచాడు.

నెలల తర్వాత మరో స్కాన్‌లో గడ్డ ఇసుమంతైనా పెరగలేదని తేలేసరికే ఆయన చిక్కి సగం మనిషయ్యాడు. రాష్ట్రం వచ్చింది, మామ ఇప్పటికీ చేలో మక్క వేస్తూనే ఉన్నాడు. ఇప్పటి రోగులు నేను నోరు తెరవకముందే రిపోర్టు ఫోన్లో చదివేస్తారు. నాకు అబద్ధం చెప్పే పని తప్పింది, మంచిదే, కానీ డాక్టరు నవ్వితే ధైర్యం తెచ్చుకునే మనుషులూ తగ్గిపోయారు. వాళ్లలో మొదటివాణ్ణి పోగొట్టుకున్నది నేనే, తొర్రూరు రోడ్డు మీద, మామ విస్తరి మడుస్తూ తలెత్తి చూసినప్పుడు.

"మా అన్నకు గూడ గిట్లనే నవ్వుకుంట చెప్పినవ్ గదరా అల్లుడా."